గొంగడి రోగం

మా అత్తకు ఉర్దూ రాదని ఆమె ముఖం మీద చెప్పే ధైర్యం ఉప్పుగూడలో ఎవరికీ లేదు. అందుకే మా పెద్ద బర్రెకు దవడ కింద నీరు దిగినప్పుడు, పశువుల దవాఖానా కంపౌండరు "యే ఘోంగే కా మరజ్ హై, అమ్మా" అంటే, అంతా అర్థమైనట్టు తలూపి ఇంటికొచ్చి, మామ గొంగడి తీసి బర్రె మీద కప్పింది. నడి ఎండాకాలంలో! పాపం, ఆ కంపౌండరు చెప్పింది నత్తల రోగమని. నాలుగు రోజుల్లో బర్రె పోయింది. ఆ తర్వాత నేనూ మా ఆయనా ఆమె చాటున నత్తను గొంగడి అనే పిలుచుకుని నవ్వుకునేవాళ్ళం.

అసలు సంగతి కంపౌండరును నేనే వెళ్ళి అడిగాను. పెరటి గుంటలోని నత్తల నుంచి పురుగు గడ్డికెక్కుతుందట, గడ్డితో బర్రె కడుపులోకి పోతుందట. "రీఠా" అన్నాడు మందు. అంటే మన కుంకుడే. ఆ నురుగు తగిలితే నత్తలు బతకవు.

"శివ శివా! నోరులేని జీవాలను సంపుతవా? నా ఇంట్ల గా పాపం జరగనియ్య" అన్నది అత్త.

నేను ఊరుకునే రకమా? గుంటకు సరిపడా కాయలు బజారులో కొందామంటే పైసలన్నీ అత్త కొంగునే ఉండె. కుంకుడు గింజలు నానబెట్టి గుంట గట్టున నాటాను. మూడు మొలిచాయి. రెండింటిని అత్త పీకేసింది. మూడోదాన్ని సొరపాదు కింద దాచాను. ఆమె కంట పడేనాటికి అది నా నడుమంత ఎదిగింది.

"తలకు రుద్దుకోనీకె, అత్తమ్మా" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

కాపుకు రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఈలోగా గుంట చుట్టూ కంప కొట్టి, ఎక్కడి నుంచో గడ్డి మోసుకొచ్చినా ఇంకో బర్రె పోయింది. ఇక మిగిలింది ఒక్కటే, అదీ చూడిది. అది పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. జీవాలను చంపకూడదు, సరే. తలంటుకోకూడదని ఏ శాస్త్రంలో ఉంది?

మా చెట్టు కాయతో రుద్దుకుంటే జుట్టు మోకాళ్ళ దాకా వస్తుందని గల్లీలో ఒక్కరికే చెప్పాను, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ. సాయంత్రానికి దబీర్‌పురా దాకా తెలిసింది.

"సచ్చీ, దుల్హన్?" అంటూ పక్కింటి ఖాలా ఉరికొచ్చింది.

"సచ్చీ, ఖాలా. కాయలు పుక్కట్కె తీస్కో. గని మా గుంట గట్టుమీదనే రుద్దుకోవాలె."

చుట్టూ తడకలు కట్టాను. గురువారం ఖాలా, ఆమె చుట్టాలు, శనివారం మావాళ్ళు. గుంట నిండా నురుగే. చచ్చిన నత్తలను చీపురుతో ఊడ్చిపోశాను.

మూడో శనివారం తెల్లవారుజామున బర్రె ఈనింది. దూడ తడబడుతూ లేచి నిలబడితే, కొట్టంలోనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇన్నాళ్ళూ మూతి ముడుచుకుని చూసిన అత్త ఆ పొద్దున కొంగు బిగించి గుంట దగ్గరికొచ్చింది. అయిపోయింది, ఇవాళ లొల్లే అనుకున్నాను. ఆమె నా ముందు చతికిలబడి కొప్పు విప్పింది. జుట్టు గుప్పెడు కూడా లేదు. తను తెచ్చి పక్కన పెట్టుకున్న గంపలో నలగ్గొట్టిన కాయలు మాత్రం పది తలలకు సరిపోతాయి.

"మంచిగ రుద్దు, పిల్లా," అన్నది గుంట అవతలి మూలకు వేలు చూపిస్తూ. "గాడ ఇంక గొంగడ్లు మిగిలినయ్."