ఉప్పాడకి తుఫాను సంచి

మా ఇంట్లో ఒక సంచి ఎప్పుడూ సర్ది ఉంటుంది. కోనసీమ కొబ్బరితోటలు నేలకూలిన తుఫాను తర్వాత నాకు పట్టుకున్న పిచ్చి అది. నేను రాజమండ్రిలో ఒక హైస్కూల్లో డ్రిల్ మాస్టార్ని. ముడులు వెయ్యడం, దెబ్బలకి కట్లు కట్టడం పిల్లలకి నేర్పేవాణ్ణి, ఆపద వస్తే చేతులు నలుపుకుంటూ కూర్చోకూడదని నా పట్టుదల. సంచిలో నైలాను తాడు, టార్చిలైటు, ఈల, చిన్న ట్రాన్సిస్టరు, నీళ్ళలో వేసే క్లోరిన్ బిళ్ళలు, అటుకులు, బెల్లం, అయొడిను సీసా, ఒక చుట్ట గాజుగుడ్డ ఉంటాయి. మా ఆవిడ పద్మ దాన్ని నా రెండో సంసారం అంటుంది.

ఆ ఏడు నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియో చెప్పగానే సంచి మంచం కింద నుంచి బయటికి వచ్చింది. ఈసారి కారణం గట్టిదే. మా చెల్లెలు నాగమణి ఉప్పాడలో ఉంది. తొలిచూలు. ఏడో నెలలో పురిటికి తీసుకొద్దామంటే మగ్గం మీద పెళ్ళి చీర ఉంది, అది దిగాక వస్తానంది. ఎనిమిదో నెలలో కదపకూడదన్నారు. తొమ్మిదో నెల వచ్చింది, తుఫానూ వచ్చింది, చీర మాత్రం దిగలేదు. రేడియో విన్న దగ్గర్నుంచి అమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. "నువ్వు తీసుకొస్తావా, నన్ను వెళ్ళమంటావా?" అని అడిగింది.

ఉదయం ఆరింటి కాకినాడ బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది గానీ స్థిమితంగా కూర్చోలేకపోయాను. సంచి పైన పెడితే ఎవరైనా తీస్తారేమోనని, కింద పెడితే తడుస్తుందేమోనని రెండుసార్లు మార్చి చివరికి ఒళ్ళో పెట్టుకున్నాను. కడియం దాటేసరికి సన్న తుంపర మొదలైంది. కోతకొచ్చిన చేలు రోడ్డుకి రెండు పక్కలా తలలు వాల్చి ఉన్నాయి. కొన్ని చేలల్లో అప్పుడే హడావిడిగా కోతలు కోస్తున్నారు.

నా పక్కన కూర్చున్న రైతు కండువా తలకి చుట్టుకుని అవే చూస్తున్నాడు. "మీరు కోయించేశారా అండి?" అని అడిగాను.

"కోస్తే పనలు తడిసిపోతాయండి, కొయ్యకపోతే చేను పడిపోద్ది. రాత్రంతా ఆలోచించి ఇదిగో, మా అల్లుణ్ణి అడుగుదామని వెళ్తన్నాను," అన్నాడు. అల్లుడు ఏం చేస్తాడని అడిగితే కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో గుమస్తా అని చెప్పాడు. గుమస్తా వాయుగుండాన్ని ఏం చేయగలడో నాకు తెలియలేదు గానీ, నేను మోసుకెళ్తున్న ఈల కూడా అంతకంటే ఏం చేస్తుందని ఊరుకున్నాను.

ఎనిమిది దాటాక కాకినాడలో దిగాను. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని, ఆటోల్లోంచి మైకులో చేపలవాళ్ళని వేటకి వెళ్ళొద్దంటున్నారని టిఫిను హోటల్లో చెప్పుకుంటున్నారు. పెసరట్టు సగంలో ఉండగా ఉప్పాడ బస్సు కదులుతోందన్నారు, చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా పరుగెత్తాను. మీలో ఎవరైనా ఇలాంటి రోజున అటు వెళితే కడుపు నిండా తిని ఎక్కండి, ఆ తర్వాత ఆ రోజంతా నాకు అన్నం దొరకలేదు.

వాకలపూడి దాటాక సముద్రం కుడిచేతి పక్కకి వచ్చేసింది. ఒడ్డుకి అడ్డంగా పోసిన బండరాళ్ళ మీద కెరటం విరిగి, నురగ రోడ్డు మీదకి పడుతోంది. ఎదురు సీట్లో ఖాళీ చేపలగంప ఒళ్ళో పెట్టుకున్న పెద్దామె నా సంచి మూతి నుంచి బయటికొచ్చిన తాడునే చూస్తోంది.

"నుయ్యి తవ్వడానికా బాబూ?" అంది.

తుఫానుకని చెప్పాను. అడక్కపోయినా టార్చిలో ఒక సెల్లు తిరగేసి పెడితే సంచిలో పొరపాటున వెలిగి అయిపోదని, అగ్గిపుల్లల తలలు కరిగిన కొవ్వొత్తిలో ముంచి మాత్రల సీసాలో పెడితే తడవవని, మూత బిగించిన ఖాళీ డబ్బా నడుముకి కట్టుకుంటే మనిషి నీళ్ళలో తేలుతాడని వరసగా చెప్పేశాను. నా మాటలు ఆగాక ఆమె, "ఎవరింటికండి?" అంది. మగ్గాల వీధిలో చెల్లెలి ఇంటికి అన్నాను.

"అయితే మీరు తాడేసి లాగాల్సిందే. మేం కెరటం చూసి కదులుతాం గానీ, మగ్గపోళ్ళు చీర దిగందే గడప దాటరు," అని గంప సర్దుకుంది.

ఉప్పాడలో దించి, ఈ రోడ్డున ఇదే ఆఖరి ట్రిప్పు అన్నాడు డ్రైవరు. తిరిగి వెళ్ళాలంటే పిఠాపురం మీదుగా వెళ్ళమన్నాడు.

మగ్గాల వీధి మొదట్లోనే చప్పుడు వినిపించింది. ఊరంతా సామాన్లు కట్టుకుంటుంటే మా చెల్లెలి ఇంట్లో మగ్గం ఆడుతోంది. కరెంటు లేదు. కిటికీ పక్క లాంతరు పెట్టుకుని మణి, ఆమె భర్త రాంబాబు గుంట మగ్గంలో పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. జాందానీ అంటే అంతే, ఇద్దరు కూర్చోవాలి. పువ్వు పువ్వుకీ విడిగా దారం చేత్తో తిప్పాలి, ఒక చివర ఆయన, ఒక చివర మణి. గుంటలో కాళ్ళు పెట్టి, కడుపు మగ్గానికి తగలకుండా ఒక పక్కకి ఒరిగి కూర్చున్న చెల్లెల్ని చూసేసరికి నాకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"బావగారూ, రండి. చెంగు ఒక్కటే మిగిలిందండి," అన్నాడు రాంబాబు, చెయ్యి ఆపకుండా.

నేను ఇల్లంతా కలయజూశాను. కిందటేడు తుఫానుకి పనికొస్తుందని మరబిగింపు మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చిచ్చాను, బియ్యం, అగ్గిపెట్టెలు, కాగితాలు అందులో పెట్టుకోమని. మూత తీసి చూస్తే నిండా పట్టుదారం చిలపలు, జరీ చుట్టిన కండెలు. బియ్యం మూలన మట్టి కుండలో ఉన్నాయి. ఇంటి కప్పు మీద వేసుకోమని ఇచ్చిన టార్పాలిను మగ్గం మీద పందిరిలా కట్టి ఉంది. వాసాలు బిగించుకోమని ఇచ్చిన తాడు మగ్గం గుంజలకి చుట్టి ఉంది. ఆ ఇంట్లో తడవకుండా ఉండే ఏర్పాట్లన్నీ పట్టుకే, మనుషులు మాత్రం తడవడానికి సిద్ధంగా ఉన్నారు.

"మరి మణి సంగతి?" అన్నాను, వరండాలో తడిబట్టలు పిండుతున్న వాళ్ళ అత్తగారితో. సత్యవతమ్మగారు కొంగు చివరతో చేతులు తుడుచుకుంది. మంచి మనిషే గానీ మాట పెళుసు. నేరేడుపండు రంగు నూలు చీర ఒకటి దండెం మీంచి తీసి మడత పెడుతోంది.

"ఈ పూటకి చెంగు అయిపోతాది బాబూ."

"అది కాదండి. నొప్పులు ఇప్పుడే వస్తే? పుట్టేవాళ్ళకి పాత గుడ్డలనీ, అవనీ ఇవనీ ఏమైనా తీసిపెట్టారా?"

ఆవిడ ముఖం మారిపోయింది. "అలాంటి మాటలు గడపలో నిలబడి అనకండి. పుట్టకముందు ఏదీ సిద్ధం చెయ్యకూడదు. మా ఇంట ఒకసారి ఉయ్యాల ముందే కట్టి ఏడ్చాం, చాలు." అంతే, మడత పెట్టిన చీర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఏడుపు ఎవరిదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

గుంట దగ్గర కూర్చుని మణిని బతిమాలాను. తను దారం తిప్పుతూనే, "నేను లేస్తే ఈయన ఒక్కడూ ఏం చేస్తారన్నయ్యా? పెళ్ళివాళ్ళు ముహూర్తం పెట్టేసుకున్నారు," అంది. కసిరాను. తను దారం వదల్లేదు. నేను లేచి వీధిలోకి వెళ్ళి సముద్రం చూసి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. నేను అలా తిరుగుతూనే ఉన్నాను, వాళ్ళు నేస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం దాటాక రాంబాబు ఉన్నట్టుండి చెయ్యి ఆపాడు. కాలు గుంటలోంచి పైకి తీసి చూసుకున్నాడు. అరికాలికి తడి మట్టి అంటుకుంది. కింద నుంచి నీరు ఊరుతోంది. నేసిన పువ్వుల మీద ఒకసారి చెయ్యి రాశాడు. తర్వాత, "మణీ, లే. దింపేద్దాం," అన్నాడు.

నేసినంత చీరని కర్ర నుంచి విప్పి చిన్న చుట్టగా మడిచి, నెయ్యాల్సిన పోగులు చిక్కుపడకుండా ముడులు వేసి మగ్గం నుంచి విడదీశారు. ఆ ముడులు నాకు వచ్చినవే, అందుకని నన్నూ చెయ్యి వెయ్యనిచ్చారు. పట్టుకి నూలుగుడ్డ చుట్టాలని మణి పెట్టెలోంచి పాత చీరల మూట తీసింది. సత్యవతమ్మగారు, "నువ్వు వంగకు, నేను చుడతాను," అని మూట తీసుకుని లోపలి గదిలో కూర్చుని తనే చుట్టింది. చాలాసేపు చుట్టింది. వచ్చేసరికి చుట్ట తలగడంత లావైంది.

"బావగారూ, మనిషినీ చీరనీ మీకే అప్పజెబుతున్నానండి. అమ్మని తీసుకుని నేను బడిలోకి వెళ్ళిపోతాను," అన్నాడు రాంబాబు. చుట్ట పట్టాలంటే నా సంచి ఖాళీ చెయ్యాలి. తాడు, అటుకులు, బెల్లం, ట్రాన్సిస్టరు, బిళ్ళలు, అయొడిను, గాజుగుడ్డ అన్నీ తీసి అతనికిచ్చాను. బియ్యం డబ్బాలోకి, పట్టు అటక మీదకి మార్చమని చెప్పాను. సరేనన్నాడు గానీ నాకు నమ్మకం లేదు. నా జేబులో టార్చి, ఈల మిగిలాయి.

పిఠాపురం వెళ్ళే వ్యానులో డ్రైవరు పక్కన మణికి చోటిచ్చారు. స్టేషనుకి చేరేసరికి నాలుగున్నర. విశాఖ వైపు నుంచి వచ్చే ప్యాసింజరు ఆలస్యం. గాలికి ప్లాట్‌ఫారం మీద రేకులు కొట్టుకుంటున్నాయి. నేను పదే పదే స్టేషను మాస్టరు గదికి వెళ్ళి అడిగి వస్తుంటే, "మీరు అడిగితే తొందరగా వస్తుందాండి?" అన్నాడాయన. చివరికి రైలు వచ్చింది, జనం కిక్కిరిసి ఉన్నా కడుపు చూసి ఒకాయన లేచి చోటిచ్చాడు.

సామర్లకోట దాటాక మణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నుదుట చెమట. "నడుములో పట్టేస్తోందన్నయ్యా," అంది. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు వెంటనే మగవాళ్ళని లేపి అవతలికి పంపేశారు. వాళ్ళలో పెద్దావిడ నన్ను పిలిచి, "పాత గుడ్డలేమైనా తెచ్చారా బాబూ? మెత్తటివి, ఉతికినవి?" అని అడిగింది.

నా చేతిలో టార్చి ఉంది. జేబులో ఈల ఉంది. వరదకి, చీకటికి, దాహానికి, దెబ్బకి అన్నిటికీ సర్దుకున్నాను. తప్పకుండా వస్తుందని తెలిసిన ఆ ఒక్కదానికి మాత్రం ఏమీ సర్దలేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

"సంచిలో ఉన్నాయి, తియ్యండి," అంది మణి.

అందులో చీర తప్ప ఏముందన్నాను. "దానికి చుట్టినవే. అవి పట్టుకోసం కాదు. రెండు నెలల నుంచి దాస్తున్నాను. అత్తయ్యగారు చూస్తే పట్టుకి చుట్టడానికని చెప్పేదాన్ని," అంది, నొప్పి మధ్యలోనే చిన్నగా నవ్వుతూ. పెద్దావిడ చుట్ట మీది మడతలు ఒక్కొక్కటే విప్పింది. ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలు, పసిబిడ్డకి సరిపడా చింపి, అంచులు పోగులు లేవకుండా కుట్టి ఉన్నాయి. అన్నీ తీసి మణి ఒడిలో పెట్టింది. అడుగున, పట్టుకి ఆనుకుని ఇంకొకటి ఉంది. నేరేడుపండు రంగుది, రెండు ముక్కలుగా చించి, కొసన పసుపుకొమ్ము ముడివేసి ఉంది.

మణి దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇది నేను పెట్టింది కాదన్నయ్యా," అంది. ఆ తర్వాత దాన్ని ముఖానికి ఆనించుకుని ఏడ్చేసింది. నొప్పి ఎక్కువైందేమోనని నేను కంగారుపడితే పెద్దావిడ నన్ను వెళ్ళి తలుపు దగ్గర నిలబడమంది.

ద్వారపూడి వచ్చేసరికి నొప్పి సర్దుకుంది. అసలు నొప్పులు కావు, ప్రయాణపు కుదుపుకి వచ్చినవని ఆవిడ తేల్చింది. రాజమండ్రిలో దిగేటప్పటికి వాన తగ్గి గాలి మాత్రం మిగిలింది. ప్లాట్‌ఫారం మీద అమ్మ, పద్మ గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు, ఏ బండికి వస్తామో తెలియక మధ్యాహ్నం నుంచీ ప్రతి బండీ చూస్తున్నారట.

తుఫాను రాత్రికి ఎటో పక్కకి మళ్ళింది. మర్నాడు పొద్దున పక్కింటివాళ్ళ ఫోనుకి ఉప్పాడ నుంచి పిలుపు వచ్చిందని చెబితే చెప్పులు లేకుండా పరుగెత్తాను. సత్యవతమ్మగారు. ఇద్దరం క్షేమం అంది. గుంట నిండా నీళ్ళట, మగ్గం మాత్రం నిలిచిందట. చీర తడవలేదు కదా అని అడిగింది, లేదన్నాను. అవతల ఫోను బూత్‌లో ఆవిడ వెనక ఎవరో తొందరపెడుతున్నారు.

"చుట్టిన గుడ్డలు మెత్తగానే ఉన్నాయా బాబూ? గరుకైతే పట్టు పాడైపోద్దని నాలుగుసార్లు వేడినీళ్ళలో ఉడకబెట్టాను."

"మెత్తగా ఉన్నాయండి, అత్తయ్యగారూ," అన్నాను. "పట్టుకి సరిగ్గా సరిపోతాయి."