పన్నెండు లోపల బావకు తాడు కట్టించాలి

దేవుణ్ణి నమ్మని నేను గంగమ్మ గుడికి పరుగెత్తాల్సి రావడానికి కారణం నా చేతిలోని కత్తెర. హోసూరులో నాకు టైలరు కొట్టు ఉంది. బట్ట మీద ఎక్కడ దారం వేలాడినా నా కత్తెర దానంతట అదే కదులుతుంది, ముప్పై ఏళ్ళ అలవాటు. బుధవారం సాయంత్రం మా అక్క మొగుడు మునిరాజు బావ కొత్త చొక్కా తొడిగి చూసుకుంటుంటే, కుడిచేతి అంచు కింద వెలిసిపోయిన దారం కొస ఒకటి కనిపించింది. టక్కున కత్తిరించేశాను. అది చొక్కా దారం కాదు. బావ చేత తాగుడు మాన్పించిన తాడు.

మా పక్కన ఇది మామూలే. తాగుడు మానాలనుకున్నవాడు గుడికి పోయి, తల మీద బిందెడు నీళ్ళు పోసుకుని, అమ్మవారి ముందు ప్రమాణం చేసి ముంజేతికి తాడు కట్టించుకుంటాడు. తాడు ఉన్నంతకాలం ముట్టడు. తెగితే మాత్రం, మళ్ళీ కట్టించుకునేదాకా ప్రమాణం లేనట్టే. ఈ చివరి షరతు పెట్టినవాడెవడో గానీ వాడి నోట్లో మన్ను పడ!

బావ తన చేతిని చూసుకున్నాడు, నన్ను చూశాడు. "ఏమప్పా గోపాలా, ఎంత పని చేసినావు!" అన్నాడు.

"ఉండు బావా, మిషన్ మీద కుట్టేస్తాను" అని నిజంగానే సూదిలో దారం ఎక్కించాను.

"కుట్టిన తాడుకు మహిమ యాడుంటాది?"

"తాడులో మహిమేమీ లేదు బావా" అని నోరు జారి, నాలుక కరుచుకున్నాను. దేవుడు లేడని ముప్పై ఏళ్ళుగా బావతో వాదిస్తున్నాను, ఒక్కసారీ గెలవలేదు. గెలవకూడని రోజు ఏదైనా ఉంటే అది ఆ బుధవారమే.

ఎందుకంటే తాడుకు ముందున్న బావ నాకు తెలుసు. బేరిగై నుంచి హోసూరు మార్కెట్టుకు రోజాపూల బండి తోలేవాడు. రెండుసార్లు బండితో సహా గుంతలో పడ్డాడు. మా సరోజక్క ఆ రోజుల్లో నవ్వడం నేను చూడలేదు. తాడు కట్టించుకున్న ఈ రెండున్నరేళ్ళలో బండి నిలబడింది, ఇల్లు నిలబడింది. పైగా ప్రతి శనివారం బావ అమ్మవారి పేరు చెప్పి రోడ్డు పక్కన అందరికీ రాగి అంబలి పోస్తాడు. అంబలి కలిపేది నేను. పేరు అమ్మవారిది, గరిటె నాది.

అక్క ఫోన్లో ఒకటే మాట అంది. "దేముడు లేడని ఊరంతా చాటుతావు కదరా, ఉన్న ఒక్క తాడునీ తెంపేస్తివే! రేపు పన్నెండు లోపల కట్టించకుంటే నా గడప తొక్కొద్దు." మా వైపు బ్రాందీ కొట్లు తెరిచేది మధ్యాహ్నం పన్నెండుకు. ఆ రాత్రి బావే తన గదికి బయట గొళ్ళెం పెట్టమని అడిగాడట.

బావ పోయినసారి తాడు కట్టించుకున్న గంగమ్మ గుడికే పోవాలని, గురువారం ఉదయం ఏడున్నరకు హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు ఎక్కాం. ఎక్కేముందు తలా నాలుగు ఇడ్లీలు తిన్నాం. బావను కిటికీ పక్కన కూర్చోబెట్టి, దిగడానికి వీల్లేకుండా ఇవతల నేను కూర్చున్నాను. నా జేబులో కవరు, కవరులో తెగిన తాడు ముక్కలు. వాటిని పారేయడానికి నాకు ధైర్యం చాలలేదు, ఎందుకో అడగవద్దు.

ముందు సీటులో ఒకావిడ సంచిలో కోడిపుంజుతో కూర్చుంది. శూలగిరి దగ్గర మామిడికాయల లారీ అడ్డంగా నిలిచిపోయి బస్సు ఆగింది. ఎనిమిదిన్నర. ఎనిమిదీ నలభై. నేను లేచి డ్రైవరు మీద అరిచాను, లారీవాడి మీద అరిచాను, చివరికి కోడి మీద కూడా అరిచాను.

"ఏమప్పా, గుడికా? మొక్కుబడా?" అంది ఆవిడ.

"నాకు దేవుడి మీద నమ్మకం లేదమ్మా. ఈయనకు తాడు కట్టించాలి."

ఆవిడ సంచి సర్దుకుని నన్ను పైకీ కిందకీ చూసింది. "నమ్మేవోడు గమ్మున కూసోనుండాడు. నమ్మనోడివి నీకేలప్పా ఇంత ఆత్రం?"

నేను మళ్ళీ డ్రైవరు వైపు తిరిగాను. బావ మాత్రం ఉత్సాహంగా చెప్పాడు: "ఆయనే తెంపినాడు లేమ్మా, కత్తెరతో." ఆవిడ కోడిని తీసుకుని వేరే సీటుకు మారిపోయింది.

తొమ్మిదిన్నరకు కృష్ణగిరి. టీ కూడా తాగకుండా వేప్పనపల్లి టౌను బస్సు పట్టుకున్నాం. దారి పొడుగునా మామిడితోపులు, చూడడానికి బాగుంటాయట. నేను వాచీ చూస్తూ కూర్చున్నాను. పది ఇరవై అయిదుకు వేప్పనపల్లి దాటి ఒక పల్లె దగ్గర దిగి, మట్టిదారిన నడిచి పదకొండుకు గుడి చేరాం. చిన్న గుడి. తలుపుకు తాళం.

ఎదురింటి అవ్వ చేట చెరుగుతూ చెప్పింది: "పూజారి చెరువు పనికి పోయినాడప్పా. నూరు రోజుల పని."

చెరువులో ఉపాధి హామీ పని జరుగుతోంది, నలభై మంది మట్టి తవ్వుతున్నారు. పూజారి తలకు తువ్వాలు చుట్టుకుని గుంతలో ఉన్నాడు. సంగతి విని గడ్డపార ఆనించి నిలబడ్డాడు. "వస్తా సామీ. మనిషికొక గుంత కొలిచి ఇచ్చినారు, ఇది ముగించేదాకా కదిలేదానికి లేదు. ఒంటిగంటకి అయిపోతాది."

ఒంటిగంట! నేను చొక్కా విప్పి గుంతలోకి దూకాను. గడ్డపార చూపించి "ఇటివ్వు" అన్నాను. జీవితంలో కత్తెర, గరిటె కంటే బరువైనది పట్టుకోని చేతులివి. నేను తవ్వాను, బావ గంపకు ఎత్తాడు, పూజారి మోశాడు. పక్క గుంతల్లోని ఆడవాళ్ళు పని ఆపి చూశారు. ఒకామె, "ఎంత భక్తమ్మా ఈయనకు!" అంది. నాకు ఒళ్ళు మండింది. మండినా తవ్వాను. పదకొండూ నలభై అయిదుకు గుంత ముగిసింది, నా అరచేతులు బొబ్బలెక్కాయి. ముగ్గురం గుడికి పరుగెత్తాం.

బావ తల మీద నీళ్ళు పోసుకుని తడిబట్టలతో నిలబడ్డాడు. పూజారి హారతి వెలిగించి ఏదో రెండు ముక్కలు గొణిగి తాడు తీశాడు.

"ఆగండి! మంత్రం అంతేనా? పోయినసారి చాలాసేపు చదివారట" అన్నాను.

"తొందరని నువ్వే కదప్పా అంటివి!"

"తొందర నడవడానికి, మంత్రానికి కాదు. పూర్తిగా చదవండి. ముడి రెండు కాదు, మూడు వేయండి. కొస పొడుగ్గా వదలొద్దు."

పూజారి మెచ్చుకోలుగా బావతో అన్నాడు: "మీ బామ్మర్దికి శ్రద్ధ జాస్తి."

"ఆయన దేముణ్ణి నమ్మడు సామీ" అన్నాడు బావ, ముక్కు మీది నీళ్ళు తుడుచుకుంటూ. పూజారి తాడు పట్టుకుని నా ముఖం వైపు చూశాడు. తర్వాత మొదటి నుంచి మంత్రం మొత్తం చదివాడు. మూడో ముడి పడేసరికి పన్నెండుకు రెండు నిమిషాలు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కకు ఫోన్ చేస్తే ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినిపించింది.

వేప్పనపల్లిలో భోజనం చేశాం. రాగిముద్ద, చింతపండు చారు బాగున్నాయి. కాకపోతే బొబ్బలతో ముద్ద నలపలేక నేను చెంచా అడగాల్సి వచ్చింది. రెండుంబావుకు కృష్ణగిరి బస్టాండు. హోసూరు బస్సు కోసం నిలబడిన చోటికి సరిగ్గా ఎదురుగా బ్రాందీ కొట్టు, దాని ముందు మనుషులు. బావ దాన్నే చూస్తున్నాడు.

"గోపాలా" అన్నాడు నెమ్మదిగా. "నిన్న రాత్రంతా నాకు నాలుక పీకింది. ఆయమ్మ వచ్చి నన్ను పట్టుకోలేదు. గొళ్ళెం పట్టుకునింది. అంటే తాడు తాడే, ఇంకేమీ లేదేమో. ముప్పై ఏండ్లుగా నువ్వు చెప్తా ఉండేది అదే కదా. నువ్వు నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు చెప్పు, ఆయమ్మ ఉండాదా, లేదా? లేదంటే నేను అట్ల పోయొస్తాను."

ముప్పై ఏళ్ళుగా నేను గెలవాలని చూసిన వాదం. ఒక్క మాట చాలు, గెలిచేస్తాను.

"ఉంది బావా" అన్నాను. "గంగమ్మ ఉంది."

బావ కొట్టు మీది నుంచి చూపు తిప్పి నా ముఖంలోకి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పక్కనున్నవాళ్ళు జరిగి నిలబడ్డారు.

"అబద్ధం!" అన్నాడు నవ్వు మధ్యలో. "నువ్వా, ఈ మాటా! నీ మొకం చూడప్పా, ఆముదం తాగినట్ల ఉండాది."

"అవును, అబద్ధమే."

"నా కోసమా?"

"అక్క కోసం" అన్నాను. అదీ పూర్తి నిజం కాదు. "నీ కోసం కూడా."

బావ నవ్వు ఆపాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "మూడు నూర్ల సార్లు లేదని చెప్పినోడివి, ఒకసారి ఉందనేదానికి ఎంత కష్టపడినావో నేను చూసినాను కదా. ఇంక నేను తాగితే మనిషినే కాదు. పా, బస్సొచ్చింది."

నిలబడే ప్రయాణం, సీట్లు దొరకలేదు. ఎవరైనా ఈ దారిన పోదలుచుకుంటే హోసూరులో ఆరున్నర బస్సే ఎక్కండి, చెరువు పని ఉన్న రోజుల్లో పూజారికి ముందే కబురు పెట్టండి. ఇక దేవుడి సంగతి అంటారా, నా అభిప్రాయం మారలేదు. లేడు. పైన కమ్మీ పట్టుకున్న బావ చెయ్యి నా కళ్ళ ముందే ఉంది. మూడు ముళ్ళూ బిగువుగా ఉన్నాయో లేదో శూలగిరి దాటేలోపల నాలుగుసార్లు లాగి చూశాను.