రెండు కొట్లకూ ఒకే బోర్డు

హార్బరు తవ్వకముందు, ఓడలు ఒడ్డుకు రాలేక నడిసముద్రంలోనే లంగరు వేసుకునే రోజుల్లో, వాటికి మోకులు అందించినవారు మా ముత్తాతగారు. మా తాతగారి కాలానికి పూర్ణా మార్కెట్‌లో పెద్దమనిషి అంటే ఆయనే. తూకం దగ్గర తగువు వచ్చినా, గోడ దగ్గర తగువు వచ్చినా ముందు మా కొట్టుకే వచ్చేవారు. బజారులో దొంగతనం జరిగితే ఇన్‌స్పెక్టరు కబురు పంపేవాడు కాదు. తానే వచ్చి, మెట్ల దగ్గర బూట్లు విప్పి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద తాతగారి ఎదురుగా కూర్చునేవాడు. మా నాన్నగారు కొట్లో కన్నా సభల్లో ఎక్కువ కూర్చున్నారు. ఆయన పోయాక కొట్టు నాకూ తమ్ముడికీ చెరిసగం వచ్చింది. తమ్ముడికి మధురవాడలో ఉద్యోగం, అక్కడే ఫ్లాటు. కొట్లో నేను కూర్చుంటున్నాను. ఇప్పుడు ఓడలకు మోకులు ఇచ్చేవాళ్లు వేరే ఉన్నారు. మా దగ్గర బట్టలారేసుకునే నైలాను తాళ్లు, లారీల మీద టార్పాలిన్ బిగించే తాళ్లు అమ్ముడుపోతాయి.

మా పక్కనే ఒక ఫ్యాన్సీ కొట్టు ఉంది. దాన్ని కొట్టు అనడం మర్యాద కోసమే. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. గాజులు, పిన్నులు, రిబ్బన్లు, సెల్‌ఫోను కవర్లు. ఆ కొట్టామెది సముద్రపొడ్డు పల్లె, వాళ్లవాళ్లు ఇప్పటికీ వేటకు వెళతారు. వాళ్ల నాన్న వలతాళ్ల కోసం వచ్చినప్పుడు మా మెట్ల కింద నిలబడే బేరం చేసేవాడు. వాళ్లమ్మ మా అమ్మను ‘అమ్మగోరూ’ అనేది. ఈమె నన్ను ‘అప్పా’ అంటుంది, సొంత అక్కను పిలిచినట్టు. అలా పిలవమని నేనెప్పుడూ అనలేదు. వద్దని అనే అవకాశమూ ఆమె ఇవ్వలేదు.

కొత్తగా వచ్చిన ఎస్సై గోదావరి జిల్లా మనిషి. ఒకరోజు పొద్దున్నే కొట్లవాళ్లందరినీ కూరగాయల షెడ్డులో కూర్చోబెట్టాడు. చీకటిపడ్డాక ఆడపిల్లల వెంట పడుతున్నారని, సంచులూ గొలుసులూ లాక్కుంటున్నారని, ఉన్న కానిస్టేబుళ్లతో బజారంతా కాయలేకపోతున్నామని చెప్పాడు.

“మీరు పొద్దుట్నుంచీ ఇక్కడే ఉంటారు కదండీ. మాకంటే ముందు మీకే కనబడుతుందండీ. ఎవరైనా బెదిరిపోయి వస్తే కూర్చోబెట్టండి, ఫోన్లో అందరికీ గ్రూపు పెడుతున్నామండీ, అందులో ఒక మాట పెట్టండి. మావాళ్లు వచ్చేస్తారు.”

అలా ఆగడానికి వీలైన కొట్లకు స్టేషను వాళ్లే నీలం బోర్డు ఇస్తారట. ‘ఇక్కడ ఆగండి, భయపడకండి’ అని దాని మీద రాసి ఉంటుంది. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఇలాంటి పనికి బజారులో మొదట గుర్తుకు రావలసిన కొట్టు మాదే అని నాకు అనుమానం లేదు. ఎస్సై మొదటి బోర్డు నా చేతికే ఇచ్చాడు. రెండోది ఫ్యాన్సీ కొట్టామెకు ఇచ్చాడు. అదే రంగు, అదే కొలత, అవే మాటలు. మా ముత్తాతగారి కొట్టుకూ, రెండు గోడల మధ్య ఇరుక్కున్న గాజుల కొట్టుకూ తేడా ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు.

నేను బోర్డును మా గుమ్మం పైన, టేకు దూలానికి మేకులు కొట్టించి పెట్టించాను. ఆమె రిబ్బన్లు వేలాడే తీగకే పురికొసతో కట్టేసింది. అద్దంలో బొట్టు సరిచూసుకునే పిల్లలకు సరిగ్గా కళ్లముందు ఉండేది.

“పైన పెడితే గౌరవంగా ఉంటుంది కదా,” అన్నాను ఆమెతో.

“పైకి సూసి నడిసే గుంటలు ఎవులున్నారప్పా? అందరూ ఫోన్లోకే సూత్తన్నారు,” అంది. గుంటలంటే వాళ్ల మాటలో ఆడపిల్లలు.

ఆ తరవాత నేను చూసింది ఇంకెవరి కొట్లోనైనా అయితే పట్టించుకునేదాన్ని కాదు. కాలేజీ పిల్లలు వచ్చి ఆ ఇరుకులో నిలబడేవాళ్లు. బస్సు తప్పిన ముసలావిడ ఒకతె ఆమె స్టూలు మీద కూర్చుని కొడుకు వచ్చేదాకా సోది చెప్పింది. ఎస్సై చెప్పాడని రోడ్డు వైపు నేనూ ఒక కెమెరా పెట్టించాను. దాన్ని ఏ వైపు తిప్పినా ఆమె మెట్టు ఒక మూలన పడేది. కొన్నాళ్లకు ఆ మూల తప్ప నేను ఇంకేదీ చూడడం లేదని నాకే తెలిసింది.

గ్రూపులో నేను పద్ధతిగా రాసేదాన్ని. ఫలానా వీధి మలుపులో దీపం వెలగడం లేదని, ఫలానా చోట తాగుబోతులు చేరుతున్నారని. ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆమెకు రాసే ఓపిక లేదు, గొంతు రికార్డు చేసి పంపేది. “సార్, ఇక్కడో గుంట ఉంది, బండోడు ఎనకాల పడ్డాడు, బేగి రండి.” దానికి వెంటనే ఎస్సై బొటనవేలి బొమ్మ పెట్టేవాడు. అటువైపు వచ్చినప్పుడల్లా ఆమె కొట్టు ముందు రోడ్డు మీదే నిలబడి టీ తాగేవాడు. మా మెట్లు ఎక్కలేదు. ఇన్‌స్పెక్టర్లు కూర్చున్న పరుపు మీద నేను ఒంటరిగా కూర్చుని, ఆ గాజు గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసేదాన్ని. ఇంత వయసు వచ్చి, రిబ్బన్లు అమ్మే మనిషి మీద ఈర్ష్యపడతానని నేను అనుకోలేదు. పడ్డాను. ఒక్క పిల్ల, ఒక్కసారి, ఆమె కొట్టు దాటి మా మెట్లు ఎక్కితే చాలునని ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆమె షట్టరు సగం దించి కారేజీ తెచ్చుకోవడానికి వెళ్లింది. అప్పుడు వచ్చిందొక అమ్మాయి. ఒంటి మీద ఫ్యాక్టరీ యూనిఫారం, అచ్యుతాపురం నుంచి కంపెనీ బస్సులో దిగి ఉంటుంది. వెనక్కి చూసుకుంటూ నడుస్తోంది. సగం దించిన షట్టరు చూసింది, తల ఎత్తి మా బోర్డు చూసింది, మా మెట్టెక్కింది. ఆ పిల్ల మొహంలో భయం కనబడుతున్నా నాకు సంతోషమే కలిగింది. కెమెరాలో ఇది పడుతుంది కదా అని కూడా అనుకున్నాను.

“రామ్మా, లోపలికి రా. చెప్పులు అక్కడ విడిచి రా,” అన్నాను. మా కొట్టు గడప దగ్గర ఎవరితోనైనా అనే మాటే అది.

ఆమె వేసుకున్నవి చెప్పులు కావు. ఫ్యాక్టరీలో ఇచ్చే బరువైన బూట్లు, లేసులతో బిగించినవి. పాపం, మెట్టు మీద కూర్చుని లేసులు విప్పబోయింది. ముడి బిగుసుకుపోయి రాలేదు. ఈలోగా ఒకడు వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. అక్కడ వేలాడదీసిన తాడు కొస పట్టుకుని, ఆ పిల్లవైపు చూస్తూ నన్ను అడిగాడు.

“తాడెంతండీ?”

“ఏ తాడు?” అన్నాను. అడిగినవాడికి జవాబు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ అమ్మాయి నావైపు ఒకసారి చూసింది. లేచి, ఊడిన లేసుతోనే మళ్లీ రోడ్డు మీదికి వెళ్లిపోయింది. వాడు తాడు కొస వదలకుండానే ఆ పిల్ల వెనక కదిలాడు. నేను పరుపు మీంచి లేచి గడప దాకా వచ్చేసరికి, కారేజీతో వస్తున్న ఫ్యాన్సీ కొట్టామె ఆ పిల్లకు ఎదురుపడనే పడింది.

“ఏటే గుంటా, ఆ పరుగేటి? ఎవుడాడు?”

అమ్మాయి వేలు చూపించింది. ఆమె కాలితో షట్టరు పైకి తన్ని, పిల్లను బూట్లతో సహా లోపలికి తోసి, కారేజీ గట్టు మీద పెట్టి వాడివైపు తిరిగింది. తాడు కొస ఇంకా వాడి చేతిలోనే ఉంది.

“ఏటి బావా, తాడు కావాలేటి? రా, నాను కొలిసిత్తాను. మెడకా, నడుంకా?”

“నడుంకి సాల్దే, మనిషి లావుగున్నాడు,” అన్నాడు అరటిపళ్ల బండివాడు. నిమ్మకాయలమ్మేవాళ్లు నవ్వుతూనే లేచి వాడి చుట్టూ నిలబడ్డారు. కానిస్టేబులు వచ్చేదాకా ఎవరూ వాడి మీద చెయ్యి వెయ్యలేదు, ఎవరూ దారీ ఇవ్వలేదు.

సాయంత్రం ఎస్సై వచ్చాడు. ఆ రోజు మా మెట్లు ఎక్కాడు, గడప దగ్గర ఆగి బూట్లూ విప్పాడు. పరుపు అంచున కూర్చున్నాడు.

“మీ తప్పని కాదండీ. ఆ చెప్పుల మాట ఒక్కటి కాస్త పక్కన పెడితే బాగుంటుందండీ.”

“నేను ఆ పిల్లను పొమ్మనలేదు. రమ్మన్నాను,” అన్నాను. “మీరు కూర్చున్న చోటే మా తాతగారి ముందు మీ ఇన్‌స్పెక్టర్లు కూర్చున్నారు. బూట్లు విప్పే వచ్చారు.”

“ఆయ్, వచ్చే ఉంటారండీ. వాళ్లను వెనకాల ఎవరూ తరుముకుంటూ రాలేదు కదండీ.”

అతను వెటకారంగా అనలేదు. మర్నాటి నుంచి గడప దగ్గర ఆ మాట అనడం మానేశాను. అనవలసిన అవసరమూ రాలేదు. మెట్టెక్కినవాళ్లు లేరు. ఆమె కొట్లో మాత్రం జనం ఇంకా పెరిగారు. ఆ అచ్యుతాపురం పిల్ల తన తోటివాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, గాజులు కొని, మా గుమ్మం ముందు నుంచే వెళ్లేది. నావైపు కోపంగా చూసినా బాగుండేది. చూసేదే కాదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఫ్యాన్సీ కొట్టామె నా దగ్గరికి వచ్చింది.

“అప్పా, కోపం రాదంటే ఒక మాట.”

“వస్తుందని తెలిసే వచ్చావుగా. చెప్పు.”

“మీ కొట్లో ముందు సగం నాకిచ్చీండి. వాన పడితే గుంటలు నిలబడ్డానికి జాగా లేదు. ముగ్గురొత్తే మూడోది గాజుల మీద పడతంది.”

“అద్దెకా?”

“అద్దెకైతే మీరు పొద్దున్నే వచ్చి తుడిసేనా లేదా అని సూత్తారు. కొనీసుకుంటాను. మీ తమ్ముడు గారు ఎప్పటి నుంచో అమ్మకం సూత్తన్నారని బజారంతా తెలుసు.”

బజారంతా తెలిసిన సంగతి నాకు చెప్పింది ఆమె. నేను తాళ్ల చుట్టలు సర్దడం మొదలుపెట్టాను.

“బల్లలు ఏయిత్తాను, ఒక ఫ్యాను పెడతాను. మీరే కూకోండి అందులో, పెద్దదిక్కుగా. మీ మొకం సూత్తే ఎదవెవడూ మెట్టెక్కడు,” అని నవ్వింది.

“నేను ఒకరి కొట్లో కూర్చోను,” అన్నాను.

“సరే అప్పా. గోడకి ఇటేపు కూకోండి, కేకేత్తే ఇనబడుద్ది,” అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తమ్ముడు ఫోను చేశాడు. వాడికి ముందే చెప్పి వచ్చిందన్నమాట.

“అక్కా, ముందుది నా వాటా కింద పోనీవే. వెనకది నీకే ఉంటుంది. ఇంకెవరు కొంటారు చెప్పు దాన్ని?”

“పరాయి మనిషెవరైనా కొంటే సంతకం పెడతాను.”

“పరాయి మనిషి అక్కడ మొబైల్ కొట్టు పెడతాడు. ఈమె పిల్లలకి బల్లలు వేస్తానంటోంది. నీకేం నష్టం?”

నాకేం నష్టమో ఫోనులో చెప్పేది కాదు. వాడు కాగితాలు తెచ్చిన రోజు సంతకం పెట్టాను. అలాంటి గది మా కొట్లో ఉండాలని నాకే తోచి ఉండవలసింది. ఆమెకు తోచింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఇప్పుడు గోడకు అటువైపు నుంచి పిల్లల మాటలు, బస్సుల కబుర్లు వినబడుతుంటే నా చెవి అటే ఉంటుంది. ఆమె కేక వేస్తే లేచి వెళతానా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఇంతవరకూ వెయ్యలేదు. ఆమెకు ఆ అవసరం పడలేదు.

రోడ్డు వైపు సగం, మెట్లతో సహా, ఆమెకు అమ్మేశాం. సందు వైపు సగం నాకు ఉంది.