ఆల్డా పెల్కీ వెయ్యని ఓటు

మా ఈస్ట్ హార్లోలో నూట ఎనభై గడపలున్నాయి. ఏ గడపకి ఏ ఉత్తరం వస్తుందో, ఎవరి మందుల డబ్బా ఏ తారీఖుకి ఖాళీ అవుతుందో తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడే ఆల్డా పెల్కీ, ముప్పై ఒక్క ఏళ్ళు మా ఊరి పోస్టుమాస్టరు. నా పేరు లైల్ టేట్రో. చలికాలం ఊరి రోడ్ల మీద మంచు తోస్తాను, ఎండాకాలం గోతులు పూడుస్తాను. ఆవిడ గురించి రాయడానికి నాకంటే చదువుకున్నవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. కానీ ఆవిడకి దక్కాల్సింది ఒకటి నాకు దక్కింది, అందుకని ఈ రాతపనీ నా నెత్తినే పడింది.

ఆల్డా తల్లి రాజధానిలో శాసనసభ భవనంలో గచ్చు తుడిచేది. నాలుగేళ్ళకోసారి డిసెంబరులో ముగ్గురు మగవాళ్ళు మంచు బూట్లతో వచ్చి ఒక గదిలో బల్ల ముందు కూర్చునేవారట. చీటీల మీద ఏదో రాసి, సంతకాలు పెట్టి, చేతులు కలుపుకుని వెళ్ళిపోయేవారట. వాళ్ళ బూట్ల కింద కరిగిన నీళ్ళన్నీ ఈవిడ మోకాళ్ళ మీద కూర్చుని తుడవాలి. ఒక ఏడాది ఎనిమిదేళ్ళ ఆల్డాని వెంట తీసుకెళ్ళి, తలుపు సందులోంచి చూపించిందట.

"మనం నవంబరులో ప్రెసిడెంటుకి ఓటేశామనుకుంటాం. నిజానికి మనం వేసేది వీళ్ళకి. ప్రెసిడెంటుకి వేసేది వీళ్ళు" అందట ఆ తల్లి.

"వీళ్ళు ఎక్కణ్ణుంచొచ్చారమ్మా?"

"మనలాంటి ఊళ్ళనుంచే."

ఆ ఒక్క మాట పిల్ల మనసులో పాతుకుపోయింది. ఏనాటికైనా ఆ బల్ల ముందు కూర్చోవాలి, తల్లి తుడిచిన గచ్చు మీద కుర్చీ వేసుకుని మరీ కూర్చోవాలి. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, మొగుడి చావు, పోస్టాఫీసు, ఇవన్నీ అయిపోయినా ఆ కోరిక మాత్రం చెక్కు చెదరలేదు. నాతో చాలాసార్లే చెప్పింది, నేను చాలాసార్లే నవ్వాను.

పోస్టాఫీసు లోపల ఉన్నంతసేపూ ఆవిడ నోట పార్టీ మాట వచ్చేది కాదు. తలుపుకి తాళం పడ్డాక మాత్రం ఆవిడంత పార్టీ మనిషి జిల్లాలో లేదు. సమావేశాలకి యాపిల్ పైలు కాల్చేది, కుర్చీలు వేసేది, అందరూ వెళ్ళాక ఆ కుర్చీలు మళ్ళీ మడిచేది.

"ఇన్ని పైలు కాల్చావు గదా ఆల్డా, ఏ ప్రెసిడెంటైనా ఒక్క ముక్క తిన్నాడా?" అనేవాణ్ణి.

"నువ్వు తిన్నావుగా. అంతకంటే దండగ ఇంకేం కావాలి?" అనేది. ఆవిడ నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు మా అమ్మ పనికెళితే నన్ను చూసుకున్నది ఆవిడే. అందుకే నన్ను ఒరే అనే హక్కు చివరిదాకా వదులుకోలేదు.

ఆ డిసెంబరు ఓటు వేసేవాళ్ళని ఎలక్టర్లంటారు. మా రాష్ట్రం చిన్నది, మాకు ముగ్గురే. ఎన్నికల ఏడాదిలో ప్రతి పార్టీ తన ముగ్గురి పేర్లూ ముందే రాసిపెట్టుకుంటుంది. రాష్ట్రంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే ఆ పార్టీ ముగ్గురూ డిసెంబరులో రాజధానికి వెళతారు. నేను చెప్పబోయే ఏడాది మే నెలలో ఆవిడ పార్టీ మహాసభ ఒక హైస్కూలు ఆటల హాల్లో జరిగింది. మూడో పేరుగా "ఆల్డా పెల్కీ" అని చదివారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టిందట. ఆవిడ పోస్టుమాస్టరన్న సంగతి ఆ హాల్లో ప్రతివాడికీ తెలుసు. తెలుసు గనకే అది అడ్డవుతుందని ఎవరికీ తట్టలేదు. అడిగితే గదా అనుమానం వచ్చేది.

నవంబరులో ఆ పార్టీయే మా రాష్ట్రంలో గెలిచింది. ఆల్డా ముదురు నీలం రంగు ఉన్ని కోటు కొనుక్కుంది. ఒకరోజు పోస్టాఫీసు కిటికీ వెనక తొడుక్కుని నిలబడి, "ఎలా ఉందిరా?" అంది. ఎగతాళి చేద్దామని నోరు తెరిచి, ఆవిడ మొహం చూసి మానుకున్నాను. బాగుందన్నాను.

ఎలక్టర్లు ఓటు వేసేది డిసెంబరులో ఒక సోమవారం. అంతకుముందు గురువారం నేను మంచు బండికి రావలసిన బోల్టుల పార్సిల్ కోసం కిటికీ దగ్గర నిలబడి ఉండగా ఫోను మోగింది. పార్టీ లాయరు హేల్. ఆల్డాకి ఎడమచెవి సరిగ్గా వినపడదు. ఫోను గట్టిగా పెట్టుకుంటుంది కాబట్టి నాకూ అంతా వినిపించింది.

"మిసెస్ పెల్కీ, కాగితాల్లో మీ ఉద్యోగం ఇప్పుడే చూశాను. మీరు కేంద్ర ప్రభుత్వం కొలువులో ఉన్నారు. అలాంటివాళ్ళు ఎలక్టరుగా ఉండకూడదని రాజ్యాంగంలోనే ఉందండీ. తప్పు మాదే, మేలోనే చూసుకోవాల్సింది."

ఆల్డా రెండో చేత్తో స్టూలు దగ్గరికి లాక్కుంది.

"కంగారు పడకండి, దారుంది. ఈలోగా ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చేయండి. సోమవారం మధ్యాహ్నం మిగతా ఇద్దరూ ఆ ఖాళీలో మళ్ళీ మిమ్మల్నే ఎన్నుకుంటారు. వాళ్ళకా అధికారం ఉంది. తర్వాత మీ ఉద్యోగానికి మీరు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి. ఒక్క కాగితం, అంతే."

"ఒక్క కాగితమే" అంది ఆల్డా. "అలాంటి కాగితం కొండకి ఇవతల రెండూళ్ళ పోస్టాఫీసుల తలుపుల మీద అంటించి ఉంది, చూశారా? పోస్టుమాస్టరు దిగగానే అంటించారు. తాత్కాలికంగా మూసివేయబడినది అని. ఒకటి పసుపెక్కిపోయింది, ఇంకోటి వానకి చిరిగిపోయింది. తలుపులు మాత్రం తెరుచుకోలేదు."

"మీ ఊళ్ళో అలాగే అవుతుందని ఏముందండీ?"

"అవ్వదని మీరు రాసిస్తారా?"

ఆవిడ ఫోను పెట్టేసింది.

నేను ఊరుకోలేకపోయాను. "రాజీనామా చెయ్యి ఆల్డా. జన్మలో ఒక్కసారి నీ గురించి నువ్వు చూసుకో."

"ఇది మూసేస్తే కొండమీదుండే హైరమ్ గుండె మందులు ఎవరు తెస్తారు? ఇంకో పోస్టాఫీసుకి పద్దెనిమిది మైళ్ళు పోయి?"

"నేను తెస్తాను."

"నువ్వు మంచు తోస్తావా, మందులు మోస్తావా?"

అలా అని, కిటికీ వెనక స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. చప్పుడు లేకుండా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. చేతికొచ్చిన ముద్ద నోటికి రాకుండా పోతే మనిషి ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. తర్వాత లేచి, ముక్కు తుడుచుకుని, నా పార్సిల్ తెచ్చి, ఇక్కడ సంతకం పెట్టు అంది.

సోమవారం తెల్లారేసరికి మోకాలి లోతు మంచు పడింది. ఆవిడ నీలం కోటు వేసుకుని మా గరాజు ముందు నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"రాజధానికి. ఎలక్టరు పని వదులుకుంటున్నానని రాసిన ఉత్తరం వాళ్ళ చేతికివ్వాలి."

"ఫోనులో చెబితే పోదా?"

"చెప్పడానికైతే పోతుంది. ఆ గది చూడొద్దూ?"

ఊరి ట్రక్కుకి ముందు మంచు తోసే రేకు కట్టి ఉంది. యాభై రెండు మైళ్ళు అలాగే తోసుకుంటూ వెళ్ళాం. దారిలో ఇద్దరం పది మాటలు మాట్లాడుకుని ఉంటాం. వెనక మా దారి పట్టుకుని నాలుగు కార్లు వచ్చాయి. వాటిలో ఒకటి లాయరు హేల్‌దని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

గది నేననుకున్నంత పెద్దదేం కాదు. ఒక పొడవాటి బల్ల, మూడు కుర్చీలు, చూసేవాళ్ళ కోసం తాడు కట్టిన చోటు. రెండు కుర్చీల్లో వార్డ్‌వెల్ అనే పాడి రైతూ, ఒక ఆసుపత్రి నర్సూ కూర్చుని ఉన్నారు. ఆల్డా నేరుగా వెళ్ళి ఉత్తరం బల్లమీద పెట్టింది. వార్డ్‌వెల్ చదివి కళ్ళజోడు తీసి, ఆవిడ వంక చాలాసేపు చూశాడు.

ఆవిడ బదులు పార్టీ అనుకున్న మనిషి ఉత్తరాన ఎక్కడో మంచులో ఇరుక్కుపోయాడు. ఓటు వెయ్యాల్సిన పన్నెండు గంటలు కావస్తోంది. అక్కడున్నవాళ్ళలో ఎవరినైనా సరే ఆ ఇద్దరూ ఎన్నుకోవాలి.

"ఎవరినంటారు మిసెస్ పెల్కీ? మీ చోటు గదా, మీరే చెప్పండి" అన్నాడు వార్డ్‌వెల్.

ఆవిడ గడ్డంతో నా వైపు చూపించింది. నేను గోడకి ఆనుకుని, బూట్లనుంచి నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నాను.

"నేనా? నేను ఒక్క సమావేశానికి కూడా రాలేదు" అన్నాను.

"పైలు తిన్నావుగా."

"ఆల్డా, ఇది హాస్యం కాదు."

"హాస్యం ఆడడానికి నేను యాభై మైళ్ళు రాలేదు. నవంబరులో ఎవరికి వేశావో నా కిటికీ దగ్గర నువ్వే చెప్పావు. చెప్పిన మాట తప్పవని నాకు తెలుసు. కూర్చో."

హేల్ నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగాడు. "మీ జీతం ఎవరిస్తారండీ?"

"ఊరు."

"వాషింగ్టన్ నుంచి ఏమైనా వస్తుందా?"

"పన్ను కట్టమని కాగితం వస్తుంది."

ఆ ఇద్దరూ చేతులెత్తి నన్ను ఎన్నుకున్నారు. ప్రమాణం చేయించారు. నేను ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. అంత సిగ్గు నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. ప్రెసిడెంటుకి ఒక చీటీ, వైస్ ప్రెసిడెంటుకి వేరే చీటీ. ఆవిడ రాయాల్సిన పేర్లే రాశాను. చీటీలు లెక్కపెట్టి చదివారు, ఆరు ప్రతుల మీద సంతకాలు పెట్టించారు. ఆరు కవర్లు. వాటిలో మూడు రిజిస్టరు పోస్టులో వాషింగ్టన్ వెళతాయి.

అందరికంటే చివర వచ్చినవాణ్ణి కదా, కవర్లు అంటించే పని నాకిచ్చారు. జేబులో ట్రక్కు సామాన్లు చుట్టే మెరుపు టేపు ఎప్పుడూ ఉంటుంది. ఊడకూడదని మొదటి కవరుకి రెండు వరసలు దట్టించాను.

"ఆగు" అంది ఆల్డా తాడు అవతలనుంచి. తాడు కింద నుంచి వంగి వచ్చేసింది. "ఒరే, రిజిస్టరు పోస్టుకి ఎవడైనా ఈ టేపు వేస్తాడా? అతుకుల మీద ముద్ర కొట్టాలి, దీనిమీద సిరా నిలవదు. కౌంటర్లో మొహాన కొట్టి పంపిస్తారు."

చేతిసంచీ తెరిచి, గోధుమరంగు కాగితం టేపు చుట్ట తీసింది. తడిపి అంటించే రకం. ఇంటినుంచే తెచ్చుకుంది.

"ఇది ఎందుకు తెచ్చావు?"

"ఓటు ఎవరు వేస్తేనేంరా, సరిగ్గా చేరాలిగా."

నేను లేచి నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది. తర్వాత కోటు సర్దుకుని కూర్చుంది. పాడు చేసిన కవరు మార్చి కొత్తది ఇచ్చారు. మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి టేపు తడిపి, ఒక్కో అతుకూ బొటనవేలితో చివరిదాకా నొక్కుతూ ఆరు కవర్లూ అంటించింది. ఎవరూ తొందర పెట్టలేదు. నర్సు కళ్ళు తుడుచుకుంటోంది.

అప్పుడు కింద చూశాను. నా బూట్లనుంచి కారిన నీళ్ళు ఆవిడ కుర్చీ చుట్టూ మడుగు కట్టి ఉన్నాయి. నెత్తిమీది ఉన్ని టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాను. ఆవిడ తల వంచి చూసి, "మూలల్లో కూడా తుడువు. మా అమ్మ వదిలేది కాదు" అంది.

మర్నాడు ఉదయం ఏడున్నరకి మా ఊరి కిటికీ ఎప్పటిలాగే తెరుచుకుంది.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆవిడ ఆ కిటికీ మూయలేదు. ఒక ఫిబ్రవరిలో, పోస్టాఫీసులో ఉత్తరాలు సర్దుతుండగా గుండె ఆగి పోయింది. నీలం కోటులోనే పాతిపెట్టాం. పన్నెండో రోజున తలుపు మీద కాగితం అంటించారు. అందులో తాత్కాలికంగా అనే ఉంది. ఇప్పుడది పసుపెక్కింది.

రాజధానిలో ఆ ఏటి రికార్డు పుస్తకంలో మూడు పేర్లున్నాయి. మూడోది నాది, ఆవిడది ఎక్కడా లేదు. బుధవారం, శనివారం పొద్దున్నే రోడ్లు తోసేసి, అదే ట్రక్కులో పద్దెనిమిది మైళ్ళు పోయి హైరమ్‌వీ, ఇంకో పదకొండు ఇళ్ళవీ మందులు తెస్తాను. మంచూ తోస్తున్నాను ఆల్డా, మందులూ మోస్తున్నాను.