మగ్గం కాళ్లతో బండి

మా నాయన మూడేళ్లపాటు రోజూ నన్ను బండి మీద ఆదోని కాలేజీకి దింపాడని మా తమ్ముడు చెప్పుకు తిరుగుతున్నాడు. అబద్ధం. రోజూ కాదు, వారానికి రెండు రోజులు. దింపింది ఆయనా కాదు. బండి నడిపింది నేను.

మొన్నొక ఆదివారం ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు పది బండ్లు ఆగాయి. తమ్ముడికి తెలిసినవాళ్లు, మంత్రాలయం దాకా పోయొచ్చే బృందమట. ఒంటికి తోలు కోట్లు, మోకాళ్లకు చిప్పలు. మా ఎండల్లో ఆ కోట్లేమిటో వాళ్లకే తెలియాలి. కాఫీలు ఇస్తుంటే తమ్ముడు మొదలుపెట్టాడు.

"అసలైన బైకర్ అంటే మా నాయనప్పా. అక్కను ఎనకాల కూసోబెట్టుకోని..."

"ఎనకాల కూసున్నది నాయన," అన్నాను.

"ఊరుకోక్కా. గోడ మీద నాయన బండి ఫొటోలో సూడు, హ్యాండిల్ పట్టుకున్నది ఎవరు?"

"ఆ ఫొటోలో బండి స్టాండు మీదుంది. స్టాండు మీదుంటే మన అమ్మ గూడా తోల్తాది."

అందరూ నవ్వారు. ఒక్కరూ నమ్మలేదు. పోయిన మనిషితో పోటీకి దిగిందేమిటి ఈవిడ అన్నట్టు చూశారు. అందుకే రాస్తున్నాను.

మా నాయన గుంట మగ్గం నేసేవాడు. గుంటలో కాళ్ల కింద రెండు చెక్కలుంటాయి. ఎడమది తొక్కిన వెంటనే కుడిది తొక్కాలి. చిన్నప్పటినుంచీ అదే తొక్కుడు. నేసిన దుప్పట్లు ఆదోని కొట్లో వేసి నూలు తెచ్చుకోవడానికని ఒక పాత బండి కొన్నాడు. సోమవారం, గురువారం ఆయన ప్రయాణం. ఆ రెండు రోజులూ నాకు బస్సెక్కే పని తప్పేది.

కానీ ఎడమ కాలితో గేరు వేయగానే ఆయన కుడి కాలు దానంతటది బ్రేకు తొక్కేది. బండి ఎగిరి కుంగేది. వెనకున్న నా ముక్కు ఆయన వీపుకు గుద్దుకునేది. "ఏమప్పా, బండి మీద గూడా దుప్పటి నేస్తాండావా?" అని వీధంతా ఎగతాళి.

నేను డిగ్రీలో చేరిన కొత్తలో ఒక సోమవారం, ఊరు దాటాక పత్తిచేల దగ్గర ఆపి దిగాడు.

"ఇవి మగ్గం కాళ్లు పాపా. ఇంగ మారవు. నువ్వు ముందు కూసో."

"లంగా వోణీతోనా?"

"లంగా తోల్తాదా బండిని? పైకి దోపుకో."

ఆయన తువ్వాలు నా తలకు చుట్టాడు. దూరంనుంచి చూస్తే ఎవరో పిల్లగాడనుకోవాలని. గేరు ఎప్పుడు మార్చాలో నాకు తెలియలేదు. కిందికి వంగి చూడబోతే వెనకనుంచి నెత్తిన మొట్టాడు.

"కాలికాడ ఏముంది? సప్పుడు ఇను. మగ్గం మాదిరే అదీ సెప్తాది."

ఇప్పటికీ నేను విని వేస్తాను గేరు. బైకర్ అంటే ఎవరని నన్నడిగితే ఆ చెవి ఉన్నవాడంటాను. అది కోటుతో పాటు అంగట్లో దొరకదు.

ఆ పొద్దుల్ని తలుచుకుంటే నాకు ముందు వేడెక్కిన ఇంజిన్ నూనె వాసన వస్తుంది. తర్వాత మంచుకు తడిసిన నల్లరేగడి వాసన. పత్తి ఏరే ఆడవాళ్లు నడుం ఎత్తి చూసేవాళ్లు. వెనక నాయన దుప్పట్ల మూట మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చునేవాడు. ఎదురుగా లారీ వస్తే మాత్రం తాళం ఆగేది. "వానికీ రోడ్డు ఇయ్యి తల్లీ, వానికీ పిల్లలుంటారు."

ఆదోని మొదటి పత్తిమిల్లు కనపడగానే "ఆపు" అనేవాడు. ఆ ఒక్క మాటే. తువ్వాలు తీసుకుని తాను ముందుకొచ్చేవాడు. అక్కడినుంచి కాలేజీ గేటు దాకా ఎగరడం, కుంగడం. గేటు దగ్గర నా స్నేహితురాళ్ల నవ్వులు. బ్రేకులు ఊరికే అరిగిపోయేవి. ఆదోని మెకానిక్ ఒకసారి చక్రం విప్పి అడిగినాడు కూడా: "భాయ్, నువ్వు బండి నడుపుతాండావా, ఆపుతాండావా?"

మూడో ఏడు ఒక గురువారం కాలేజీలో నాకు జ్వరం ముంచుకొచ్చింది. కళ్లు తెరవలేకపోయాను. నాయన నన్ను వెనక కూర్చోబెట్టి, తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని, ఎమ్మిగనూరు దాకా తానే నడిపాడు. ఆదోని సందులు, గుంతలు, అడ్డమొచ్చే గొర్రెలు. నేను ఆయన వీపు మీద నిద్రపోయాను. జ్వరం తగ్గి గంజి తాగుతున్నప్పుడు గానీ నాకు తట్టలేదు. దారి మొత్తంలో నా ముక్కు ఆయన వీపుకు ఒక్కసారి కూడా గుద్దుకోలేదు.

తర్వాతి సోమవారం ఏమీ ఎరగనట్టు పత్తిచేల దగ్గర దిగాడు. మిల్లు దగ్గర మళ్లీ "ఆపు". కాలేజీ దాకా మళ్లీ అదే కుదుపు. మాట నోటిదాకా వచ్చింది. నా నోటికి జడవని వాళ్లు మా ఇంట్లో లేరు, కానీ ఆ రోజు నేను నోరు మూసుకున్నాను. అడిగితే మరుసటి గురువారం హ్యాండిల్ నా చేతికి రాదేమోనని భయం.

చదువు అయిపోయింది, బండి పోయింది, తర్వాత చాలా ఏళ్లకు నాయనా పోయాడు. అడగడానికి ఎన్నో మధ్యాహ్నాలు దొరికాయి, అడగలేదు. ఆయన కాళ్లు నిజంగానే మారనివైతే ఆ గురువారం ఎట్లా మారాయి? నాకు బండి ఇవ్వడానికే ఆ మగ్గం కాళ్ల కథ అల్లి ఉంటే, మూడేళ్లలో ఒక్కరోజైనా ఆ మిల్లు దాటించి, నలుగురూ చూస్తుండగా కాలేజీ గేటు దాకా నన్నెందుకు నడపనివ్వలేదు?