అస్తమయానికి ఆగిన యుద్ధం

మా మావయ్యగారు అల్లవరంలో పొద్దున్న పురాణం చెప్పి, మధ్యాహ్నం మాతో ఫోన్లో పాతకాలపు కోటల యుద్ధం ఆట ఆడేవారు. ఆటలో ఆయన మాకు నేర్పిన చిట్కా ఒక్కటే: శత్రువుతో అబద్ధం ఆడకూడదు. పొద్దు వాలితే, "ఇక బాణం వెయ్యకూడదు నాన్నా" అంటూ సంధ్య వార్చుకోవడానికి లేచిపోయేవారు.

రాజోలు జట్టుతో ఆఖరి ఆటలో మాకు ఒక్క కోటే మిగిలింది. అది పోతే ఓడిపోయినట్టే. చీకటి పడుతుండగా ఆయన అవతలి జట్టుకీ వినపడే మైకులో, "బాబూ, నేను సంధ్యకి వెళ్తున్నానండి. మీరూ ఆపండి, అది ధర్మం" అన్నారు.

నేనూ సంధ్య తప్పనివాణ్ణే. అయినా ఆ పూట ప్రాణం ఒప్పలేదు. "శత్రువులకి చెప్పేసేరేంటండీ మావయ్యగారూ! ఇప్పుడే మీద పడతారు!"

"ఆయ్" అని తలూపి ఆయన పంచపాత్ర పట్టుకుని వెళ్లిపోయారు.

వాళ్లు గుర్రపు సైన్యమంతటితో తెరిచి ఉన్న కోట ద్వారంలోకి దూసుకొచ్చారు. లోపల గోడల చాటున మావయ్యగారు ముందే నిలబెట్టిన బల్లెం భటులు ఎవరూ నడపకుండానే పొడిచేశారు. ఒక్క గుర్రం మిగల్లేదు.

"మోసమండీ పెద్దాయనా!" అని మైకులో అరుపులు.

విభూతి పెట్టుకుని వచ్చిన మావయ్యగారు ఫోను అందుకున్నారు. "చెప్పినట్టే నేను ఆపేనండి. మీరూ ఆపుంటే గుర్రాలు బతికేవి కదండీ? రేపు పురాణానికి రండి, ఈ ఘట్టమే చెప్తాను."