లాభంలేదుగారి మరమ్మతు

కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఉన్నది ఒక్కటే అలవాటు. దేన్ని చూసినా "లాభం లేదు" అంటాడు. మూత విప్పకముందే అంటాడు, బాగుచేసి మూత బిగించాక కూడా అంటాడు. భార్యను పెళ్ళాడమని అడిగిన రోజు సైతం చివర్లో ఆ మాట అంటించాడని, ఆవిడ పంతానికి ఒప్పుకుందని వీధిలో చెప్పుకుంటారు. అందరికీ ఆయన లాభంలేదుగారే. ఆ పేరే బోర్డు మీద రాయించుకోమంటే, రాయించినా లాభం లేదన్నాడట.

అలాంటి మనిషిని డ్రాయింగు మాస్టారు ఏరికోరి ఇంటికి పిలిచాడంటే ఆయన ఎంత నిస్పృహలో ఉన్నాడో తెలుస్తుంది. మాస్టారి చెల్లెలు దర్జీ. పక్షవాతం తగ్గాక ఆవిడకు నడక వచ్చింది, మాట వచ్చింది, కుడిచేతి వేళ్ళు మాత్రం చెప్పిన మాట వినడం లేదు. కత్తెర పట్టలేని దర్జీ ఏం కావాలి? నొక్కమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని ఆవిడ రెండుసార్లు కిటికీలోంచి విసిరేసింది. అందుకే మాస్టారు చిన్నప్పుడు ఇద్దరూ జుట్లు పట్టుకుని ఆడిన బైకుల పందెం గేమ్‌ను వెతికి తెచ్చాడు. ఆనాటి గేమ్ పెట్టె ఎప్పుడో పాడైంది. దాని పని కంప్యూటర్ చేత చేయించే ఎమ్యులేటర్ వేశాడు.

వేస్తే ఏముంది, బైకులు నత్తలతో పోటీకి దిగాయి. హుషారు పాట కాస్తా శోకాలు పెట్టింది. "దీనికీ నా జబ్బే వచ్చింది, అన్నయ్యా" అని చెల్లెలు కంట్రోలర్ కింద పెట్టేసింది. మాస్టారు ఆ పూటే లాభంలేదుగారికి కబురంపాడు.

ఆదివారం లాభంలేదుగారు వచ్చి ఫ్యానులో దుమ్ము దులిపాడు. కరెంటు పొదుపు సెట్టింగు తీసేశాడు. చాటుమాటుగా నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఆపాడు. ఒక్కో పనికీ ఒక్కో "లాభం లేదు" నైవేద్యం పెట్టాడు. మాస్టారు టీ పెడుతుంటే వంటింట్లోకి పాట ఒక్క నిమిషం గంతులేస్తూ వినిపించింది. కప్పులతో పరుగెత్తుకొచ్చేసరికి మళ్ళీ పాత శోకమే. చెల్లెలు చేతిని ఒళ్ళో దాచుకుని కూర్చుంది. లాభంలేదుగారు స్క్రీన్ మూల మీద స్టిక్కర్ అంటిస్తూ, అక్కడ పాడైందని, ముట్టుకోవద్దని చెప్పాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. ఏదో నొక్కడం, నిట్టూర్చడం, లాభం లేదనడం, పోవడం. చెల్లెలు ఆ నత్తపందెమే విసుక్కుంటూ ఆడేది. ఇంత చేతకాని మనిషిని నమ్ముకున్నందుకు మాస్టారు తన్ను తానే తిట్టుకున్నాడు.

తొమ్మిదో ఆదివారం పొద్దున ఒళ్ళుమండి ఆ స్టిక్కర్ పీకేశాడు. కింద స్క్రీన్ నిక్షేపంలా ఉంది. అక్కడ చిన్న అక్షరాల్లో "వేగం 95%" అని కనిపించింది. లాభంలేదుగారు రాగానే గుమ్మంలోనే నిలదీశాడు.

ఆయన దొంగలా నేల చూపులు చూశాడు. "మొదటి రోజే బాగైపోయింది, మాస్టారూ. చెల్లెమ్మ ఆ వేగం అందుకోలేక మూడుసార్లు గోతిలో పడింది. ఆ మొహం చూడలేక మళ్ళీ మొరాయించిందని చెప్పి అరవైకి తగ్గించాను. వారానికి అయిదు చొప్పున పెంచుతున్నాను."

"నాతోనైనా ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ?"

"చెబితే ఆశ పెట్టినట్టవుతుంది. అది నాకు అలవాటు లేదు."

మాస్టారు గుమ్మం వదిలి పక్కకు జరిగాడు. లాభంలేదుగారు చెప్పులు విడిచి లోపలికెళ్ళి, నూటికి నూరు పెట్టి, స్టిక్కర్ మళ్ళీ అంటించాడు. అన్నాచెల్లెళ్ళు ఆటకు కూర్చున్నారు. మాస్టారు రెండో గోతిలోనే పడ్డాడు. చెల్లెలి బైకు గోతులన్నీ దాటి గీత తాకింది.

ఆవిడ కుడిచేతి వేళ్ళు విరుచుకుని విసుగ్గా అంది. "ఇంకా నెమ్మదిగానే ఉందండీ. కాస్త పెంచండి."

లాభంలేదుగారు మొదటిసారి నవ్వుతూ అన్నాడు.

"లాభం లేదమ్మా. ఇంతకంటే వేగం దీని వల్ల కాదు."